అనంతపురం పొదుపు: ఎక్కడ దాచారు, ఎందుకు నిలవలేదు

అనంతపురం ఆర్థిక చరిత్ర రాసినవాళ్ళలో ఎక్కువమంది అప్పు గురించే రాశారు. పొదుపు మాట వచ్చేసరికి రెండు అభిప్రాయాలు చేతులు మారుతూ మన దాకా వచ్చాయి. మొదటిది దొరల కాలం నాటిది: ఇక్కడి రైతుకు ముందుచూపు తక్కువ, పండిన ఏడు పెళ్ళిళ్ళకూ జాతరలకూ తగలేసి, ఎండిన ఏడు షావుకారి గడప తొక్కుతాడు. రెండోది మన కాలానిది: 1990లలో మహిళా సంఘాలు వచ్చి నెలకింతని కట్టించేదాకా ఈ పల్లెలకు పొదుపంటే తెలియదు. ఒకటి నింద, ఇంకొకటి మెచ్చుకోలు. రెండింటి సారాంశం మాత్రం ఒకటే, ఈ జనానికి దాచుకోవడం ఎవరో నేర్పాలి.

ఈ మాట నాకు సరిగా తోచదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట, అదీ పడుతుందన్న నమ్మకం లేని చోట, దాచుకోని కుటుంబం రెండు తరాలు కూడా నిలవదు. ఇక్కడివాళ్ళు దాచారు, కడుపు కట్టుకుని దాచారు. అయితే వాళ్ళకు అందుబాటులో ఉన్న ప్రతి దాపుడూ తిరిగి ఆ వాన మీదే ఆధారపడింది. వాన తప్పిన ఏడు పంటతోపాటు పొదుపు విలువా పడిపోయింది. తప్పు మనుషుల అలవాట్లలో వెతికారు గానీ, దాచిన చోటులో ఎవరూ వెతకలేదు.

పాత సంగతులు తెలిసినవే కనుక క్లుప్తంగా చెబుతాను. విజయనగర కాలంలో పెద్ద మదుపు చెరువు. బుక్కరాయల కొలువులోని చిక్కప్ప ఒడయారు కట్టించాడని చెప్పే అనంతసాగరం, పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం ఆ కోవలోవే. తిరుమల శాసనాలు చూస్తే, భక్తులిచ్చిన సొమ్మును దేవస్థానం గ్రామాల్లో కాలువలు తవ్వడానికి పెట్టి, పెరిగిన పంటతో నైవేద్యం నడిపిన పద్ధతి కనిపిస్తుంది. అసలు కదలకుండా రాబడితో ఖర్చు నడపడమంటే అదే. ఇంటి పొదుపు మాత్రం పాతరలో ఉండేది. గట్టి నేలలో గుంత తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మెత్తేవారు. తెరిచిన రోజు లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, దీపం కిందికి దించి చూసి, అది ఆరకపోతేనే మనిషి దిగేవాడు. వచ్చే కరువు కోసం ఇంత జాగ్రత్త పడినవాళ్ళను ముందుచూపు లేనివాళ్ళని ఎలా అనగలం?

1800లో నిజాం దత్తమండలాలను కుంపెనీకి అప్పగించాక థామస్ మన్రో ఏడేళ్ళు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. రైతువారీ పద్ధతిని పాదుకొల్పిందీ, ఆ శిస్తు బరువు ఎక్కువని గుర్తించిందీ ఆయనే. 1807లో నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేస్తే పైవాళ్ళు ఒప్పుకోలేదు. శిస్తు కట్టాలంటే నగదు కావాలి, నగదు కావాలంటే పాతరలో ఉండాల్సిన గింజ అంగడికి పోవాలి. అలా పొదుపు ధాన్యం నుంచి వెండికీ గొర్రెలకూ మారింది. 1876-78 నాటి ధాత కరువులో దక్కను పల్లెల వెండి నగలు కరిగింపు కోసం బొంబాయి టంకశాలకు కుప్పలుగా చేరాయి. పొదుపే లేని జనం దగ్గర నుంచి అంత వెండి ఎలా వచ్చింది? అందరూ ఒకేసారి అమ్మడానికి వచ్చారు కనుక వెండి ధర కిందికి, గింజల ధర పైకి పోయాయి. అసలు నష్టం అక్కడ జరిగింది.

1882లో రెండు పనులు జరిగాయి. బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేశారు. అదే ఏడు దేశంలో తపాలా పొదుపు బ్యాంకు మొదలైంది. దాని మూలం బ్రిటన్‌లో ఉంది. 1810లో స్కాట్లాండులోని రుత్‌వెల్ అనే ఊళ్ళో హెన్రీ డంకన్ అనే పాదిరి కూలీల చిల్లర డబ్బు కోసం పొదుపు బ్యాంకు పెట్టాడు. 1861లో ప్రభుత్వమే హామీ ఇచ్చి తపాలా బ్యాంకు తెరిచింది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. పనిపోయిన కార్మికులు పొదుపు ఖాతాలు తీసి తిన్నారు, అవి ఖాళీ అయ్యాయి కూడా. కానీ దాచిన పౌనుకు పౌను చేతికొచ్చింది. మిల్లు ఆగిందని ఖాతాలో ఉన్న డబ్బు విలువ తగ్గలేదు. అనంతపురం రైతుకూ లాంకషైర్ కార్మికుడికీ తేడా క్రమశిక్షణలో లేదు, దాచిన చోటులో ఉంది.

మనకు ఆ తపాలా బ్యాంకు జీతగాళ్ళ బ్యాంకుగానే చాలాకాలం ఉండిపోయింది. ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో జర్మనీ రైఫైజెన్ సహకార సంఘాల దారి చూపితే, 1904లో సహకార చట్టం వచ్చింది. రైఫైజెన్ ఆలోచనలో సభ్యుల డిపాజిట్టూ అప్పూ కలిసే నడవాలి. ఇక్కడ సొసైటీ అంటే పైనుంచి వచ్చిన డబ్బు పంచే కిటికీ అయింది. దాచుకునే చోటు అని రైతు దాన్ని ఎన్నడూ అనుకోలేదు.

ఇక అసలు వివాదం ఉన్న కాలానికి వస్తాను. అది సుమారు 1970 నుంచి 2000 దాకా, వేరుశనగ, బోర్ల కాలం. జొన్న, కొర్ర, సజ్జ వెనక్కిపోయి, వేరుశనగ ఏడు లక్షల హెక్టార్లు దాటిన రోజులు. ఆ చివరి ఏళ్ళలో మొదలైన రైతుల ఆత్మహత్యలకు కారణం చెప్పేటప్పుడు ఒక మాట తరచుగా వినిపిస్తుంది: రైతు బోర్లతో జూదమాడాడు. ఈ తీర్పుతో నేను ఏకీభవించలేను.

బోరు వేసిన రోజును దగ్గరగా చూడాలి. పాయింటు చూసే మనిషి అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా తిరిగి ఒకచోట ఆగుతాడు. రాత్రికి బోరు బండి వస్తుంది. లెక్క అడుగుకింత, కేసింగు పైపు ఖర్చు వేరు. నీటి తేమ తగలనంతసేపు తెల్లటి రాతిదుమ్ము లేస్తూనే ఉంటుంది. మూడు వందల అడుగుల దగ్గర బండివాడు ఆపి, ఇంకా పోనివ్వమంటావా అని అడుగుతాడు. ఆ క్షణాన రైతు జేబులో ఉన్నది ఏమిటి? ముందు వారం సంతలో అమ్మిన గొర్రెల డబ్బు, తోసి పాడుకున్న చీటీ డబ్బు, భార్య గాజులు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు. అంటే పదిహేనేళ్ళ ఇంటి పొదుపంతా అడుగుల లెక్కన రాతిలోకి దిగుతోంది. మిగతా పొదుపులన్నీ వానతో పడిపోవడం చూసినవాడు, వాన లేకపోయినా రాబడినిచ్చేదాన్ని కొనాలనుకున్నాడు. ఆలోచన జూదరిది కాదు, మదుపరిది. పక్క పొలంలో పచ్చగా ఉన్న మడి అతనికి కనిపించిన ఏకైక రుజువు.

ఆ లెక్క ఎందుకు తప్పింది? ఇక్కడి నేల కింద గ్రానైటు, నైసు రాళ్ళు. నీరు ఉండేది వాటి పగుళ్ళలో. ఆ పగుళ్ళు నిండాలన్నా వానే కావాలి. రెండేళ్ళు వరుసగా తప్పితే బోరూ తప్పుతుంది. పైగా ఒకడి బోరు లోతుకు పోతే పక్కవాడి బోరు ఎండుతుంది. మోటారు సామర్థ్యాన్ని బట్టి కట్టే స్థిర కరెంటు చార్జీ, 2004 తర్వాత ఉచిత కరెంటు ఈ పోటీని ఇంకా పెంచాయి. భూగర్భజలాన్ని కాపాడే వాల్టా చట్టం 2002లో వచ్చేసరికే ఆలస్యమైంది.

ఇక్కడ కొన్ని మినహాయింపులు చెప్పాలి. అన్ని బోర్లూ పొదుపుతో వేసినవి కావు. అధిక వడ్డీ అప్పుతో వేసినవి ఎన్నో. కౌలుదారుకూ కూలీకీ ఈ కథలో చోటే లేదు, వాళ్ళకు బోరు వేసే నేలే లేదు. నాలుగో బోరు, ఐదో బోరు దగ్గర పట్టుదల విచక్షణను మింగిన ఇళ్ళూ ఉన్నాయి. అయినా రైతును బోరు వైపు నడిపిన మొదటి కారణం మారదు. వాన తప్పిన ఏటి లోటును పంటల బీమా తీర్చాల్సింది. అది ఎన్నాళ్ళో మండలం సగటు దిగుబడిని బట్టి నడిచింది. మండలంలో ఒక మూల వాన పడి ఇంకో మూల తప్పితే, ఎండినవాడికి సగటే అడ్డమైంది.

ఈ వెలుగులో చూస్తే మహిళా సంఘాల గొప్పతనం ఎంతో, హద్దు ఎక్కడో రెండూ తెలుస్తాయి. నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపు ఊపందుకుంది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి పేదరిక నిర్మూలన పథకం అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాలను గట్టిపరిచింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ ఆడవాళ్ళ పొదుపు సహకార సంఘాలను సొంత నిధితో నడిపించింది. ఈ ఉద్యమం ఆడమనిషి పేరున పాసుపుస్తకం పెట్టింది, అది చిన్న విషయం కాదు. కానీ పొదుపును కొత్తగా పుట్టించలేదు. పిడికెడు బియ్యం తీసిపెట్టడం, చీటీ కట్టడం ఆ ఆడవాళ్ళకు ముందే తెలుసు. పైగా ఒక సంఘంలోని పదిహేనుమందీ అదే వాన మీద బతికేవాళ్ళయితే, కరువు ఏట పదిహేనుమందికీ ఒకేసారి డబ్బు కావాలి. సంఘం పొదుపేమో అప్పుకు భరోసాగా బ్యాంకులో ఉంటుంది, తీయనివ్వరు. బ్యాంకు లింకేజీ పెరిగేకొద్దీ సంఘం విలువను ఎంత దాచిందన్నదాన్ని బట్టి కాక, ఎంత అప్పు తెచ్చిందన్నదాన్ని బట్టి కొలిచారు. ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలు ఆ సంఘాల వెంటే వచ్చాయి. వాటి వసూళ్ళను 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి ఆపాల్సి వచ్చింది.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద మలుపు 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో జరిగింది. ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడే ప్రారంభించారు. కూలి తపాలా ఖాతాల్లో పడింది. 1882లో జీతగాళ్ళకు తెరిచిన తలుపు నూట ఇరవై నాలుగేళ్ళకు కూలివాళ్ళకు తెరుచుకుంది. వాన తప్పిన ఏడు తగ్గని ఆదాయం, దానితోపాటు ప్రభుత్వ హామీ ఉన్న ఖాతా. పొదుపు చరిత్రలో దీన్ని లెక్కించకపోవడం పెద్ద లోటు.

ఇప్పటి సంగతి నాకు సంతృప్తినివ్వదు. వాన మీద ఆధారపడని చోటు కోసం జనం వెతుకుతున్నారు, ఆ వెతుకులాటనే మోసగాళ్ళు వాడుకుంటున్నారు. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీలో లక్షలాది కుటుంబాలు కట్టింది తెలిసిన ఏజెంటు ముఖం చూసే. 2019లో రూ.10,000 లోపు, 2021లో రూ.20,000 లోపు కట్టినవారికి రాష్ట్ర ఖజానా నుంచి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది. 2014లో రుణమాఫీ మాట నమ్మి బంగారు రుణాలు కట్టకుండా ఆగినవాళ్ళ ఇళ్ళకు వేలం నోటీసులు వచ్చాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక పొదుపు ప్లాట్ల వైపు మళ్ళింది. రోడ్డు, అనుమతి లేని లేఅవుటులో రాళ్ళు పాతిన స్థలం అవసరానికి అమ్ముడుపోదు.

1979లో పుట్టిన శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, అది 2025లో రాష్ట్రవ్యాప్త గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. జిల్లా పేరు పోయిందని బాధపడేవాళ్ళున్నారు. పొదుపు వైపు నుంచి చూస్తే ఇది మేలే, కరువు జిల్లా డబ్బు కరువు లేని జిల్లాల డబ్బుతో కలవాలి. ఒకే బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్టుకు 2020 నుంచి రూ.5 లక్షల దాకా బీమా ఉంది. ఈ మాట పల్లెలో ఏజెంటు ఎన్నడూ చెప్పడు, బ్యాంకువాళ్ళూ గట్టిగా చెప్పరు. వాళ్ళకిచ్చిన లక్ష్యాలు ఎక్కువగా అప్పులవే.

ఈ నేల మీద ఎవరు ఏ పథకం తెచ్చినా, ఏ ఇంట్లో ఎవరు డబ్బు పెట్టబోయినా ముందు ఒక ప్రశ్న అడగాలి: వాన తప్పిన ఏడు ఇది పూర్తి విలువతో చేతికొస్తుందా? గొర్రెలూ, బంగారమూ, బోరూ అవసరమే, వాటిని మానమనడం అన్యాయం. కానీ ఆర్నెల్ల తిండికి సరిపడా డబ్బు వాటికి బయట, అప్పుతో ముడిపడని సొంత ఖాతాలో ఉండాలి. సంఘాల పొదుపులో ఒక భాగాన్ని కరువు మండలంగా ప్రకటించిన రోజే సభ్యులు తీసుకునే హక్కు ఇవ్వాలి. ఇవి చేయకుండా పొదుపు పాఠాలు చెప్పడం, రెండు వందల ఏళ్ళుగా ఈ రైతు మీద వేస్తున్న నిందనే ఇంకో పేరుతో కొనసాగించడం.