పక్ పోయాక ఏం చేశాడు?

జనవరి సాయంత్రం, టొరంటో. పార్కింగ్‌లో మంచు బూట్ల కింద కరకరలాడుతోంది. ఐస్ హాకీ అరీనా తలుపు తోయగానే రబ్బరు మ్యాట్లు, తడిసిన గ్లవ్స్, కాఫీ, అన్నిటి వాసనా కలిసి ముఖానికి కొడుతుంది. లోపలా చలే. గ్యాలరీలో వేలాడే హీటర్ల కింద అమ్మానాన్నలు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. మీరు ఆటగాళ్లను వెతికే స్కౌట్, అక్కడ ఆగకండి. గోల్ వెనక మూలన అన్నిటికన్నా పైమెట్టు ఎక్కండి. అక్కడినుంచి 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉన్న రింక్ ఒక్క చూపులో పడుతుంది. మీకన్నా ముందే నలుగురు వచ్చి నిలబడ్డారు. జాకెట్ల మీద తలో జట్టు గుర్తు. అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం: ఈ రోజు ఆడే పిల్లల జాబితా.

అందరూ పదిహేను, పదహారేళ్లవాళ్లు. సీజన్ ముగిశాక ఒంటారియో హాకీ లీగ్ డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే ఘట్టం. 20 జట్లు, 15 రౌండ్లు. పేరు వచ్చి జట్టులో చోటు దొరికిన కుర్రాడు పదహారేళ్లకే ఇల్లు వదిలి, ఇంకో ఊళ్లో, ఇంకొకరి ఇంట్లో ఉంటూ, పంతొమ్మిది, ఇరవై ఏళ్లవాళ్లతో తలపడాలి. కానర్ మెక్‌డేవిడ్ పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కు చేరింది ఈ దారినే. 2012లో ఈరీ ఆటర్స్ అతన్ని అందరికన్నా ముందు ఎంచుకుంది. అలాంటివాణ్ని గుర్తుపట్టడానికి స్కౌట్ అవసరం లేదు. మీరు ఇంత చలిలో వచ్చింది నీలం జట్టు 17వ నంబరు కోసం.

కాగితం మీద అతని వరస చూడండి. సెంటర్, 5 అడుగుల 7 అంగుళాలు, పుట్టింది నవంబర్ చివర్లో. ఎత్తును పూర్తిగా నమ్మకండి, ఈ జాబితాల్లో కాస్త ఎక్కువే వేస్తారు. పుట్టిన నెల కింద మాత్రం గీత గీసి పెట్టుకోండి.

వార్మప్ మొదలైంది. స్కేట్లు మంచును కోసే చప్పుడు, బోర్డులకు పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) తగిలిన ప్రతిసారీ ధన్‌మనే మోత. మీరు 17వ నంబరు కుర్రాడి మోకాళ్లు చూడండి. బాగా వంచి, బరువంతా కిందికి దింపి కదులుతున్నాడు. ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేసి వంపు తిరిగేటప్పుడు ఎడమకు ఎంత తేలిగ్గా తిరుగుతున్నాడో కుడికీ అంతే. ఈ వయసులో చాలామందికి ఒక పక్క మొండికేస్తుంది. షాట్ మాత్రం మెత్తగా ఉంది. గోలీ పెద్దగా కదలకుండానే గ్లవ్‌లో పట్టేస్తున్నాడు. అదీ దాచకుండా రాయండి: షాట్‌లో బలం లేదు. ఒళ్లు ఎదిగితే, సాధన చేస్తే వచ్చే బలమే అది.

ఫేసాఫ్. పక్ మంచు మీద పడింది. ఇక మీ కళ్లను మీరే అదుపులో పెట్టుకోవాలి. పక్ ఎటు పోతే చూపు అటు లాగుతుంది. టీవీ కెమెరా చేసేదీ అదే. మీరు ఒక్క కుర్రాణ్ణే పట్టుకుని ఉండండి. నలభై, నలభై అయిదు సెకన్లు ఒళ్లు దాచుకోకుండా ఆడి బెంచీకి వెళ్తాడు. అదొక షిఫ్ట్. అందులో పక్ అతని కర్రకు తగిలి ఉండేది ఏ రెండు మూడు సెకన్లో. మిగతా సమయమంతా ఎక్కడున్నాడు, ఎటు చూస్తున్నాడు, ఎవరికి అడ్డం పడుతున్నాడు? ఆటగాడు బయటపడేది అక్కడే.

మొదటి పీరియడ్‌లోనే ఎర్ర జట్టు 9వ నంబరు గోల్ కొట్టాడు. దాదాపు ఆరడుగులున్నాడు. అప్పుడే గడ్డం వస్తోంది. ఇద్దరిని భుజంతో తోసుకుంటూ దూసుకెళ్లి, గోలీ జరిగేలోపు పక్‌ను వలలోకి కొట్టాడు. గ్యాలరీ లేచి నిలబడింది. మీ పక్కనున్న నలుగురూ తలలు వంచి రాసుకుంటున్నారు. మీరూ రాయండి, మంచి గోలే. రాశాక అతని పుట్టిన తేదీ కూడా చూడండి. జనవరి మొదటి వారం. వయసు వర్గం ఒకటే అయినా 17 కన్నా పదినెలలకు పైగా పెద్ద.

కెనడాలో ఈ పిల్లల వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రోజర్ బార్న్స్‌లీ తోటివాళ్లతో కలిసి 1985లో ప్రచురించిన అధ్యయనం ఒక సంగతి తేల్చింది. పై స్థాయి హాకీలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువ, చివరి నెలలవాళ్లు తక్కువ. ఎనిమిదేళ్లప్పుడు కాస్త పొడుగ్గా ఉన్న పిల్లాడు మంచి జట్టులోకి వెళ్తాడు. అక్కడ మంచి కోచ్ దొరుకుతాడు, మంచు మీద ఎక్కువసేపు ఆడనిస్తారు. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి ఆ కాస్త తేడా కొండంత అవుతుంది. నవంబర్‌లో పుట్టిన 17 ఆ జల్లెడలన్నీ దాటుకుని ఇక్కడిదాకా వచ్చాడు. ఊరికే రాలేదు.

జల్లెడలో జారిపోయినవాళ్లూ ఉన్నారు. ఆండ్రూ మాంజియాపానీని ఇదే ఒంటారియో డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. చిన్న ఒళ్లు. డ్రాఫ్ట్ లేకుండానే బ్యారీ కోల్ట్స్‌లో చోటు సంపాదించుకున్నాడు. 2015 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో కాల్గరీ ఫ్లేమ్స్ అతన్ని ఆరో రౌండ్‌లో ఎంచుకుంది. 2021-22 సీజన్‌లో ఆ జట్టుకే 35 గోల్స్ కొట్టాడు. అతను పదిహేనేళ్లప్పుడు ఆడిన మ్యాచ్‌లకూ స్కౌట్లు వచ్చే ఉంటారు. ఆ సంగతి తలుచుకుంటే ఈ మెట్ల మీద నిద్ర రాదు.

రెండో పీరియడ్. పక్ బోర్డుల వెంట జారుతూ సరిగ్గా మీ కిందున్న మూలకే వచ్చింది. 17 దానికోసం పరుగెత్తుతున్నాడు, వెనకే డిఫెన్స్ కుర్రాడు. ఇప్పుడు హెల్మెట్ చూడండి. పక్ ఇంకా పదడుగుల దూరంలో ఉండగానే తల ఒకసారి ఎడమ భుజం మీదుగా తిరిగింది. మళ్లీ కుడి భుజం మీదుగా. బండి మలుపు తిప్పేముందు డ్రైవరు అద్దంలో చూసుకున్నట్టు. వెనకవాడు ఎటునుంచి వస్తున్నాడో, తనవాడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో పక్ అందకముందే తెలుసుకున్నాడు. ఆగలేదు. కర్ర వెనక వైపుతో పక్‌ను చిన్నగా తట్టాడు. అది బోర్డుకు తగిలి, గోల్ ముందుకొస్తున్న వింగర్ కర్ర మీద పడింది. షాట్! గోలీ ఆపేశాడు. స్కోర్‌బోర్డు మీద ఏమీ మారలేదు. మీ పుస్తకంలో మాత్రం ఒక వరస చేరాలి: పక్ ముట్టుకోకముందే రెండుసార్లు చూశాడు.

కాసేపటికి తప్పు చేశాడు. అవతలి బ్లూ లైన్ దగ్గర ఇద్దరి మధ్యలోంచి దూరబోయి పక్ పోగొట్టుకున్నాడు. పక్ 9 చేతికి చిక్కింది. 9 వేగం అందుకోగానే గ్యాలరీ అంతా అటు తిరిగింది. మీరు తిరగొద్దు. 17నే చూడండి. ఇలాంటప్పుడు కొందరు తలెత్తి పైకప్పు చూస్తారు. కొందరు కర్రతో మంచును కొడతారు. కొందరు రిఫరీ వైపు చేతులు చాపుతారు. ఇతను గిరుక్కున తిరిగి మూడే అంగల్లో వేగం పుంజుకున్నాడు. 9 వెంట పడలేదు. అందుకోలేడని తెలుసు. మధ్యకు అడ్డంగా కోసుకుంటూ వెళ్లి, రెండో పక్కనుంచి ఎవరూ కాయకుండా వస్తున్న వింగర్‌ను పట్టుకున్నాడు. 9 పాస్ ఇచ్చిన క్షణంలో ఆ వింగర్ కర్రను తన కర్రతో పైకి లేపాడు. పక్ ఎవరికీ అందకుండా బోర్డుల దాకా జారిపోయింది. చప్పట్లు లేవు. తప్పు చేసిందీ తనే, దిద్దుకున్నదీ తనే. రెంటికీ మధ్య అయిదారు సెకన్లు.

విరామం. జాంబోనీ బండి మంచును సాపు చేస్తోంది. లాబీలో కోచ్ మిమ్మల్ని 17 అమ్మానాన్నలకు పరిచయం చేస్తాడు. వాళ్లిద్దరి ఎత్తూ ఓసారి గమనించండి, ప్రతి స్కౌటూ చేసే పనే. తండ్రి పొడగరి. తల్లి అడిగే మొదటి మాట హాకీ గురించి కాదు.

“మరి వాడి చదువండీ?”

ఆమెకు సూటిగా జవాబు చెప్పండి. లీగ్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది కాలేజీ ఫీజు ఇచ్చే ఏర్పాటు ఉంది. మునుపు ఈ లీగ్‌లో ఆడితే అమెరికా యూనివర్సిటీ హాకీ తలుపులు మూసుకుపోయేవి. అందుకే పదహారేళ్లకే ఏదో ఒక దారి తేల్చుకోవాల్సి వచ్చేది. 2024 నవంబర్‌లో ఆ నియమం మార్చారు. 2025 ఆగస్టు 1 నుంచి జూనియర్ లీగ్‌లో ఆడినవాళ్లూ అక్కడ ఆడొచ్చు. ఇదంతా చెప్పండి కానీ ఏ రౌండ్‌లో తీసుకుంటారో చెప్పకండి. మీ చేతిలో లేనిదాన్ని ఒక తల్లికి మాటివ్వకూడదు.

మూడో పీరియడ్. ఒంటితో ఢీకొట్టే ఆట ఈ పిల్లలకు మొదలై రెండు మూడేళ్లే. మూలన పక్ కోసం వంగిన 17ను ఎర్ర జట్టు డిఫెన్స్ కుర్రాడు భుజంతో గట్టిగా కొట్టాడు. గ్లాస్ అదిరింది. 17 మోకాళ్ల మీద పడ్డాడు. పెన్ను ఆగిపోతుంది, ఆగనివ్వండి. అక్కడున్నది ముందు ఒక తల్లి బిడ్డ, ఆ తర్వాతే 17వ నంబరు. లేచాడు. హెల్మెట్ సర్దుకుని బెంచీకి వెళ్లాడు. ట్రైనర్ వంగి కళ్లలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. కుర్రాడు తలూపుతున్నాడు.

తర్వాతి షిఫ్ట్‌లో పక్ మళ్లీ అదే మూలకు పోయింది. కొట్టినవాడూ అక్కడే ఉన్నాడు. 17 ఒక్క అర సెకను నెమ్మదించినా ఎవరూ వేలెత్తి చూపరు. నెమ్మదించలేదు. అయితే ఈసారి వెళ్లిన తీరు వేరు. నేరుగా వెళ్లకుండా ఏటవాలుగా వచ్చి, భుజం ఎడమకు చూపించి కుడికి తిరిగాడు. కొట్టబోయినవాడు బోర్డును కొట్టుకున్నాడు. 17 పక్‌తో బయటికొచ్చేశాడు. ధైర్యం ఉన్నవాళ్లు చాలామంది దొరుకుతారు. దెబ్బ తిన్న నిమిషాల్లోనే దాన్నుంచి నేర్చుకుని మళ్లీ వెళ్లేవాళ్లు అరుదు.

నీలం జట్టు ఓడింది. 17 పేరు మీద గోల్ లేదు. కారు హీటర్ వేసుకుని చేతులు వెచ్చబడ్డాక రాయడం మొదలుపెట్టండి. ఫేసాఫ్‌లు ఎక్కువ పోగొట్టుకున్నాడు. షాట్ బలహీనం. ఇద్దరి మధ్యలోంచి దూరే తొందర ఉంది. ఇవన్నీ రాయాల్సిందే, మీ రిపోర్టును ఎవరైనా నమ్మాలంటే. ఇవి నేర్పితే వచ్చేవని కూడా రాయండి. పక్ రాకముందు చూసే చూపు, పోయాక వెనక్కి తిరిగే పట్టుదల పదిహేనేళ్లు దాటాక నేర్పడం చాలా కష్టం. ఒక్క మ్యాచ్‌తో తీర్పు చెప్పకండి. ఇంకా చూడాలి: వేరే ఊళ్లో ఆడేటప్పుడు, జట్టు గెలుస్తున్నప్పుడు, ఒంట్లో ఓపిక లేనప్పుడు.

డ్రాఫ్ట్‌కు ముందు జట్టు పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చుంటారు. 9 పేరు చెప్పడానికి అరడజను మంది ఉంటారు, గోల్ అందరూ చూశారు కాబట్టి. 17 పేరు రాగానే ఎవరో ఒకరు “చిన్నవాడు కదా” అంటారు. అవును, చిన్నవాడే, ఏడాది చివర్లో పుట్టినవాడు. ఎదుగుతాడో లేదో మీరు హామీ ఇవ్వలేరు. మీరు కళ్లారా చూసింది మాత్రం చెప్పగలరు. ఆ అయిదారు సెకన్లూ విడమరచి చెప్పండి. ఆ మూలకు రెండోసారి ఎలా వెళ్లాడో చెప్పండి. నాలుగో రౌండ్‌లోపే తీసుకోమని అడగండి. కాదంటే మళ్లీ అడగండి. అక్కడ ఆ పిల్లాడి తరఫున నోరు విప్పాల్సింది మీరే.