చిన్న తెరలో ఒదిగిన చిత్రము

కడపసీమలో రైల్వే కోడూరునకు చేరువనున్న మంగంపేట ముగ్గురాయి గనులకు పెట్టినది పేరు. బెరైటీసని వ్యవహరింపబడు ఈ బరువైన ఖనిజము ముఖ్యముగా చమురు బావులు త్రవ్వునపుడు వాడెడి బురదకు బరువు కూర్చుటకై దేశదేశములకు తరలిపోవుచున్నను, చిత్రములతోడ దీనికి గల బంధము అల్పమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఛాయాచిత్రముల కాగితముపై జెలటినుతో కలిపి పూసిన తెల్లని పొర ఈ ఖనిజపు మూలపదార్థమైన బేరియం సల్ఫేటే. తరువాతి కాలమున టెలివిజను, కంప్యూటరు తెరల గాజులో చేరి ఎక్స్‌ కిరణములను వెలికి రానీయక నిరోధించిన పదార్థములలో బేరియమును ఒకటి.

చిత్రము కాగితమును వీడి అంకెల వరుసగా మారిన పిమ్మట, దాని భారమును బైట్లలో కొలువవలసిన కాలము వచ్చినది. 1987లో జిఫ్, 1992లో జేపెగ్ వంటి దస్త్రరూపములు పుట్టినది ఆ భారమును తగ్గించుటకే. అయినను అరచేతి యంత్రములు వెలసినప్పుడు ఆ పొదుపు చాలలేదు. 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గల నాటి కంప్యూటరు తెరలో 3,07,200 చుక్కలుండగా, 1996లో వెలువడిన పామ్ వారి పైలట్ అను అరచేతి యంత్రము యొక్క రంగులేని తెర 160కి 160, అనగా 25,600 చుక్కలకే పరిమితము. సరిగా పండ్రెండవ వంతు. నోకియా ఫోనులలోని బొమ్మ సందేశము ఇంకను సూక్ష్మము: 72కి 28 చుక్కలు, చుక్కకొక బిట్టు చొప్పున 252 బైట్లు. ఒక్క ఎస్సెమ్మెస్ మోయగలది 140 బైట్లే గావున, అంత చిన్న బొమ్మయు ముక్కలై ప్రయాణించి, చేరినచోట మరల ఒక్కటి కావలసివచ్చెడిది. తెలుగు లిపి యెరుగని ఆ ఫోనులలో తెలుగు మాట తెలుగుగా కనబడవలెనన్న బొమ్మగా మారుటయే దారి. పైన గుడియు, క్రింద వత్తును గల మన అక్షరమునకు 28 వరుసలలో చోటు చూపుట సులభమైన పని కాదు.

మంగంపేట గని ఛాయాచిత్రమొకదానిని కేవలము నలుపు తెలుపులతో అట్టి తెరకు చేర్పదలచినవాడు మొదట అనవసరమైన ఆకాశమును కత్తిరించి, పిదప కొలత తగ్గించి, కట్టకడపట బూడిదవన్నెలను చుక్కలుగా మార్పవలెను. ఈ క్రమము తప్పి, చుక్కలుగా మారిన చిత్రమును మరల కుదించినచో మిగులునది మచ్చలే. నడిమి వన్నెకు ఈవలిదెల్ల నలుపు, ఆవలిదెల్ల తెలుపు అని తీర్మానించినచో, బూడిదరంగు ముగ్గురాయి మెట్లు మెట్లుగా దిగిన ఆ గని ఒకే నల్లని గుంటయైపోవును. ఈ చిక్కునకు ఫ్లాయిడ్, స్టెయిన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు 1976లో చక్కని ఉపాయము ప్రకటించిరి. నలుపునకు 0, తెలుపునకు 255 అనుకొన్నచో, 100 విలువగల చుక్క నలుపుగా మారునపుడు నష్టపోయిన 100ను పదునారు పాళ్లుచేసి, కుడివైపు చుక్కకు 7, క్రిందివరుసలో ఎడమనుండి కుడికి 3, 5, 1 పాళ్లుగా పంచిపెట్టుదురు. ఒకచోటి లోటును పొరుగు చుక్కలు పూరించుటచేత, కంటికి మరల బూడిదవన్నె భాసించును.

అయినను ఇట్లు పోయిన వివరమును చిన్న ప్రతినుండి తిరిగి రాబట్టు ఉపాయము లేదు. 1820లో కడపకు వచ్చిన ఆంగ్లేయాధికారి సి.పి.బ్రౌను, పండితులను నియోగించి తాటాకు ప్రతులను పోల్పించి కాగితముపై శుద్ధప్రతులు వ్రాయించినపుడు, పెక్కు ప్రతులు చేతనుండుటచేతనే పాఠనిర్ణయము సాధ్యమైనది. పాత పామ్ యంత్రములను, నోకియాలను నేడు ప్రేమతో బ్రతికించుకొనువారికిని ఒక్క ప్రతినే నమ్ముకొనకుండుటయే మార్గము: యంత్రమునకై ఎన్ని చిన్న ప్రతులైనను చేయవచ్చును గాని, మూలదస్త్రమును మార్పక రెండు చోట్ల భద్రపరుపవలెను. తెరలు మారుచునే యుండును. రేపటి తెరకు కావలసిన ప్రతిని మూలమొక్కటే ఈయగలదు.