విద్యారంగంలో పౌర హక్కులు (భారతదేశం)

బడిలోనో కళాశాలలోనో చేరడానికి పౌరుడికి ఉన్న హక్కు ఒకటి, చేరాక అక్కడ తన విశ్వాసంతో, గౌరవంతో మసలుకునే స్వేచ్ఛ మరొకటి. విద్యారంగంలో పౌర హక్కుల చరిత్ర ఈ రెండూ కలిసినది. సాధారణంగా మొదటి సగాన్నే చరిత్రగా చెబుతారు: ఎన్ని బడులు తెరిచారు, ఎన్ని సీట్లు పెరిగాయి, ఏ చట్టం ఎప్పుడొచ్చింది. రెండో సగాన్ని క్రమశిక్షణ వ్యవహారం కింద జమకట్టి పక్కన పెడతారు. గత 170 ఏళ్ల వివాదాలను వరుసగా చూస్తే మాత్రం, చేర్చుకోబోమన్న అధికారమూ, చేరినవారిని బయటికి పంపిన అధికారమూ ఒకటేనని తేలుతుంది.

1856లో ధార్వాడ ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం దక్కని ఒక మహర్ బాలుడు బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. న్యాయం అతని పక్షానే ఉందని సర్కారు ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, ఒక్కడి కోసం తలుపు తీస్తే మిగతా పిల్లలంతా బడి మానేస్తారని చేతులెత్తేసింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడులు కులభేదం లేకుండా అందరికీ తెరిచి ఉండాలని 1858లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు తేల్చి చెప్పినా, ఊళ్లలో ఆ మాట చాలాకాలం చెల్లలేదు. 1848లోనే పుణెలో బాలికల బడి తెరిచిన జోతిరావు ఫూలే, 1882లో విద్యపై ఏర్పాటైన హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో రైతుల దగ్గర వసూలు చేసిన శిస్తును వాళ్ల పిల్లల ప్రాథమిక విద్యకే ఖర్చు పెట్టాలని వాదించాడు. హైదరాబాదులో 1910 ప్రాంతంలో భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం ప్రత్యేకంగా బడులు మొదలుపెట్టాడు. వేరే బడి పెట్టుకోవలసి వచ్చిందంటేనే ఉన్న బడిలో చోటు లేదన్నమాట. ఇక కాంగ్రెస్ నాయకుడు గోఖలే 1911లో కేంద్ర శాసనమండలిలో తెచ్చిన నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు మరుసటి ఏడాది 13కు వ్యతిరేకంగా 38 ఓట్లతో వీగిపోయింది. డబ్బు లేదు, సమయం రాలేదు అన్నారు. బరోడా సంస్థానం అప్పటికి ఐదారేళ్లుగా అదే పని చేస్తూనే ఉంది.

రాజ్యాంగం అంటరానితనాన్ని నిషేధించింది. ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతం, జాతి, కులం, భాషల పేరిట ప్రవేశం నిరాకరించరాదని 29(2) అధికరణంలో చెప్పింది. విచిత్రంగా ఈ అధికరణాన్ని మొదట ప్రయోగించింది వెనుకబడిన వర్గాలవారు కాదు. కోస్తా, రాయలసీమలు ఇంకా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో, ప్రతి 14 వృత్తివిద్యా సీట్లనూ కులమతాల వారీగా పంచిన ఉత్తర్వును 1951లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మూడు నెలలు తిరగకముందే తొలి రాజ్యాంగ సవరణ 15(4)ను చేర్చి ప్రత్యేక సదుపాయాలకు దారి తీసింది. 14 ఏళ్ల దాకా ఉచిత విద్య మాత్రం ఆదేశిక సూత్రంగానే ఉండిపోయింది. దానికి పెట్టుకున్న పదేళ్ల గడువు నాలుగింతలు దాటాక కోర్టు జోక్యం చేసుకుంది, అదీ పల్లె బడి గురించి కాదు, కాపిటేషన్ ఫీజు గురించి. కర్ణాటకలో ఒక ప్రైవేటు వైద్య కళాశాల బయటి రాష్ట్రాల వారిని ఏడాదికి 60 వేలు అడిగిన వ్యవహారం అన్ని స్థాయుల విద్యా హక్కేనన్న 1992 నాటి మోహినీ జైన్ తీర్పుకు దారితీసింది. మరుసటి ఏడాది ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి రాసిన తీర్పు దాన్ని సవరించి, 14 ఏళ్ల వరకు విద్య జీవించే హక్కులో భాగమనీ, ఆపైన ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి ఉంటుందనీ చెప్పింది. 2002లో విద్యను ప్రాథమిక హక్కు చేసిన 21ఏ అధికరణం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దానికి కొనసాగింపులే.

చేరాక ఉండవలసిన స్వేచ్ఛ అనే రెండో సగానికి తెలుగునాట గట్టి ఉదాహరణ ఉంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడుకుంటుంటే అది వివాదాస్పద గీతమని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మెకు దిగారు, వందలమంది బహిష్కరణకు గురయ్యారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా చదువు కొనసాగించినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు. దీని పక్కన 1985 నాటి కేరళ ఉదంతాన్ని పెట్టి చూడాలి. యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, తమ మతవిశ్వాసం ఒప్పుకోదని గొంతు కలిపేవారు కాదు. ఒక శాసనసభ్యుడు దాన్ని సభలో లేవనెత్తాడు. విచారణ జరిపిన కమిషన్ పిల్లలు అగౌరవమేమీ చూపలేదని చెప్పినా, అధికారుల ఆదేశంతో బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఒకచోట పాడినందుకు బహిష్కరణ, మరోచోట పాడనందుకు. పాటల సంగతి పక్కన పెడితే రెండు చోట్లా పోయింది ఒకటే: చదువుకునే చోటు.

క్రమశిక్షణ లేకుండా బడి నడవదు కదా అన్నది ఇక్కడ ఎదురయ్యే మొదటి అభ్యంతరం. నిజమే. చిన్నపరెడ్డి తీర్పు నియమాలు వద్దనలేదు. భావప్రకటనకు అడ్డుకట్ట వేయాలంటే చట్టం కావాలి, శాఖాపరమైన సర్క్యులర్ చాలదంది. ఉస్మానియా అధికారులు కూడా చెప్పింది క్రమశిక్షణే కాబట్టి, ఆ మాట ఒక్కదాన్నే కొలమానంగా తీసుకోలేం. పేద దేశంలో ముందు బడులు రానీ, స్వేచ్ఛ సంగతి తర్వాత చూద్దామనేది రెండో అభ్యంతరం. ధార్వాడలో బడి ఉంది, పంతులు ఉన్నాడు, లేనిదల్లా హక్కే. బడి ఉంటే చాలదనడానికి దండన మరో సాక్ష్యం: వీధిబడుల నాటి కోదండం శిక్ష నుంచి నిన్నమొన్నటి గోడకుర్చీ వరకు నాలుగు తగిలిస్తేనే చదువు వస్తుందనే నమ్మకం మనలో పాతుకుపోయింది. అది పిల్లల్ని బడికి దూరం చేస్తుందని గ్రహించడం వల్లనే ప్రవేశం కోసం చేసిన విద్యాహక్కు చట్టంలోనే 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. ప్రైవేటు యాజమాన్యాల స్వేచ్ఛ మూడో అభ్యంతరం. ఆ బడుల్లో 25 శాతం సీట్లు పేదలకివ్వాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది, 2014లో మైనారిటీ సంస్థలను ఆ చట్టం నుంచే పూర్తిగా మినహాయించింది. తమ భాషా మతాలను కాపాడుకునే హక్కు మైనారిటీలకు ఉండవలసిందే. అయితే దెబ్బల నుంచి రక్షణను సైతం అదే మినహాయింపులో కొట్టుకుపోనివ్వడం ఆ హక్కుకు అవసరం కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ 25 శాతం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ సమాధానం కాదు.

ఉన్నత విద్యలోనూ ప్రవేశం దక్కితే సమస్య తీరిపోలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణానికి ముందు జరిగింది, ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచీ ఉమ్మడి స్థలాల నుంచీ నిషేధించడం. సీటు ఉంది, చోటు లేదు. 2022లో కర్ణాటక విద్యాసంస్థల్లో హిజాబ్‌పై పెట్టిన ఆంక్ష మీద చెలరేగిన వివాదం ఇదే ప్రశ్నను మళ్లీ తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా ఏకరూపతను సమర్థించారు. జస్టిస్ సుధాంశు ధూలియా వస్త్రం గురించి కంటే, ఆ ఆంక్ష వల్ల ఆడపిల్ల చదువు ఏమవుతుందన్న దాన్నే ముందు పెట్టుకున్నారు. ప్రవేశాన్నీ స్వేచ్ఛనూ విడదీయకుండా చూసిన పద్ధతి అది. విభేదం వల్ల వ్యవహారం విస్తృత ధర్మాసనం ముందుకు వెళ్లవలసి వచ్చింది.