కోనసీమకి కొండ లేదు, గట్టుంది

చలికాలం వచ్చిందంటే హైదరాబాదులో పరుగు అలవాటున్న మా సాఫ్టువేరు జనానికి కొండలు గుర్తొస్తాయి. ఒకళ్ళు అనంతగిరి, ఇంకొకళ్ళు అరకు. ఎవరెంత ఎత్తెక్కారో యాప్‌లో స్క్రీన్‌షాట్లు. "మీ అమలాపురం వైపు పరిగెత్తడానికేముంది బాబూ, అంతా బల్లపరుపేగా" అని మా టీమ్‌లో ఒక వెక్కిరింత. నిజమే, కోనసీమలో కొండ కాదు కదా, చెప్పుకోడానికి గుట్ట కూడా లేదు. అయినా సరే, ఎత్తుపల్లాలు మనుషుల్ని ఏం చేస్తాయో తెలియాలంటే అరకు కంటే కోనసీమలోనే పరిగెత్తాలంటాను నేను. ఎందుకంటారా, నీటితో పాటే పైనుంచి కిందకి వెళ్తూ మాట్లాడుకుందాం.

ముందు చిన్న పాఠం. గోదారికి వరదొస్తే ఒడ్డు పొర్లుతుంది. బరువైన ఇసుక, మన్ను ఒడ్డు పక్కనే దిగిపోతాయి. సన్నటి బురద మాత్రం దూరం పోతుంది. వేల ఏళ్ళు ఇలాగే జరిగితే ఏటి ఒడ్డే మెరకవుతుంది, ఏటికి దూరమయ్యేకొద్దీ పల్లమవుతుంది. కొత్తవాళ్ళకి తలకిందులుగా అనిపిస్తుంది గానీ డెల్టా లెక్క అదే. అందుకే పాత ఊళ్ళు చాలావరకు ఏటినే అంటిపెట్టుకుని ఉంటాయి. మెరక, పల్లం, లంక, దిబ్బ, పాయ, రేవు... మావాళ్ళు వాడే ఈ మాటలన్నీ ఎత్తు లెక్కలే.

మొదటి రూటు బొబ్బర్లంక నుంచి లొల్ల లాకుల దాకా, కాలవ గట్టు మీద. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు, 1832-33లో, నందన కరువు వచ్చింది. పక్కనే అంత పెద్ద గోదారి పారుతున్నా నీళ్ళు చేలోకి ఎక్కవు, అదీ ఈ జిల్లాల కష్టం. ఆర్థర్ కాటన్ చేసింది వినడానికి చాలా చిన్న పని: నీటిని కొన్ని అడుగులు పైకెత్తడం. ఆపైన మోటార్లూ పంపులూ ఏమీ అక్కర్లేదు, భూమి వాలే తీసుకుపోతుంది. కాలవల్ని మెరక మీదుగా తవ్వారు, మురుగు డ్రెయిన్లని పల్లంలో తవ్వారు. లాకంటే పడవలకి మెట్టు. ఈ కాలవల మీద ఒకప్పుడు సరుకూ మనుషులూ పడవల్లోనే తిరిగేవాళ్ళు. కాటన్ విగ్రహం లేని ఊరు మా వైపు వెతకాలి గానీ, ఈ మట్టంతా తట్టలతో మోసిన వేలమందిలో ఒక్క పేరు కూడా మనకి తెలీదు. పరిగెత్తేది మాత్రం వాళ్ళు పోసిన మట్టి మీదే.

అక్కణ్ణించి ఒక పాయ గన్నవరం వైపు వెళ్తుంది. మధ్యలో వైనతేయ అడ్డం. కాలవ ఏటిని దాటాలి, అదీ ఏట్లో కలవకుండా! 1850ల్లో 49 ఆర్చీల మీద అక్విడక్టు కట్టారు. కింద ఏరు, పైన కాలవ. అవతల రాజోలు వైపు పొలాలు దాని మీదే బతికాయి. 2000లో పక్కనే కొత్తది కట్టి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ (1841-1909) ఈ లంకల గన్నవరంలోనే ఉండి, వచ్చినవాళ్ళకల్లా వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన మనిషి. ఇంజనీరింగ్ కట్టడానికి అన్నదాత పేరు! నాకైతే ఇంతకంటే సరైన పేరు తోచదు. ఆ కాలవ చేసేదీ అదే పని కదా.

ఇక నాకు బాగా ఇష్టమైన మూడో రూటు. బోడసకుర్రు దగ్గర హైవే వదిలేసి, వైనతేయ ఎడమ గట్టున దక్షిణానికి, సముద్రం దాకా. దారిలో బెండమూర్లంక వస్తుంది. ఇప్పుడు చూస్తే కొబ్బరి తోటల మధ్య మామూలు ఊరు. కానీ 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీ ఉన్న చోటిది. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదండీ, బట్టలు కొని ఓడలకెక్కించే గిడ్డంగి. అటు నరసాపురం పక్క మాధవాయపాలెం, ఇటు యానాం పక్క ఇంజరం కూడా ఇలాంటివే. ఆ మాధవాయపాలెం పేరే మదపొల్లం అని ఒక రకం బట్టకి స్థిరపడిపోయింది. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి ఈ మూడింటినీ పట్టుకున్నాడు. మరుసటి ఏడు డిసెంబర్లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోవడంతో కథ మళ్ళీ తిరగబడింది. తర్వాత మాంచెస్టరు బట్ట వచ్చి మన మగ్గాన్ని దెబ్బకొట్టింది, ఎగుమతులు పోయాయి, రేవులు పోయాయి.

ఇంకొంచెం ముందుకెళ్తే ఓడలరేవు. పేరులో ఓడలున్నాయి, రేవులో లేవు. ఉన్నవి చేపల పడవలు. సముద్రం అడుగు నుంచి పైపుల్లో వచ్చే గ్యాసు కోసం కట్టిన ఓఎన్జీసీ టెర్మినల్ మాత్రం దూరం నుంచే కనిపిస్తుంది. ఒకప్పుడు బట్ట ఇక్కణ్ణించి బయటికి పోయేది, ఇప్పుడు గ్యాసు పోతోంది. ఊరు మాత్రం ఇసుకలో అక్కడే ఉంది.

ఈ మూడు రూట్లూ పరిగెత్తి యాప్‌లో చూస్తే ఎక్కిన ఎత్తు ఇంచుమించు సున్నా. ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. మొదటిదానికీ మూడోదానికీ తేడా ఆరడుగులు. ఒక మనిషి ఎత్తు! మీ ఫోన్లో జీపీఎస్ ఎత్తు కొలతలో తప్పే అంతకంటే ఎక్కువుంటుంది. కానీ కోనసీమ బతుకంతా ఆ ఆరడుగుల్లోనే నడుస్తుంది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగాయి. 2006 ఆగస్టులో మళ్ళీ తెగాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. గట్టుకి లోపలున్న ఊళ్ళలో జనం రాత్రంతా ఇసుక బస్తాలు వేసుకుంటూ కూర్చుంటే, గట్టుకీ ఏటికీ మధ్య లంకల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళు అప్పటికే మునిగిపోయి ఉంటాయి. గట్టు ఒకడికి గోడ, ఒకడికి గీత.

గట్టు మీద ఒక నిమిషం ఆగి రెండు పక్కలా చూడండి. నేను చూసిన ఊళ్ళలో మెరక మీద పాత మండువా ఇళ్ళు, గుడి, కొబ్బరి తోట. పల్లంలో కూలీల పేటలు. ముందొచ్చినవాడికి, భూమున్నవాడికి ఎత్తు దక్కింది, మిగిలినవాళ్ళకి మిగిలింది దక్కింది. 2011 ఖరీఫ్‌లో అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రైతులు క్రాప్ హాలిడే అన్నప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల గొడవ కూడా ఉంది. నీళ్ళు తేవడానికి పడ్డ శ్రద్ధ నీళ్ళు తీయడానికి పడలేదు. పల్లం ఎప్పుడూ రెండో ప్రాధాన్యమే. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌లాగ్‌లో పడేసిన టికెట్టు :)

సముద్రం వైపు లెక్క వేరే. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. నేనప్పటికి పుట్టలేదు గానీ మా అమ్మ ఈనాటికీ నవంబర్లో గాలి గట్టిగా వీస్తే నిద్రపోదు. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతుంటే కింద డెల్టాకి కొత్త మట్టి తగ్గుతోంది. నది కట్టిన నేలని నది పెంచకపోతే సముద్రం ఊరుకోదు. ఆ ఆరడుగులు కూడా ఎప్పటికీ ఉండేవి కావన్నమాట.

కాబట్టి ఈసారి కొండలకి సెలవిచ్చి డిసెంబరు, జనవరిలో మా గట్ల మీదకి రండి. తెల్లారగట్ల మొదలెడితే ఎండెక్కేలోపు అయిపోతుంది, బోండం నీళ్ళు దారిలోనే దొరుకుతాయి. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు. వరద రోజుల్లో ఆ గట్టు మీద లంకల వాళ్ళు టార్పాలిన్లు కట్టుకుని, పిల్లల్నీ గొడ్లనీ పెట్టుకుని ఉంటారు. ఆ కొద్ది రోజులూ కోనసీమలో వాళ్ళకున్న ఎత్తు అదొక్కటే.