కోటకొమ్ము లెక్క

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, గద్వాల, రాజోలి, అయిజ మగ్గాల మీద తరతరాలుగా నేస్తున్న చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. స్వభావం కలవని రెండు దారాలు ఒకే గీత మీద కలవాలి. ఆ గీత చీర పొడవునా వంకర పోకూడదు. బొమ్మలను వరసలో నిలబెట్టే పని కంప్యూటర్‌లో ఒక్క మీటతో అయిపోతున్న కాలం గనక, నేత చరిత్రను కూడా చెయ్యి ఓడి యంత్రం గెలిచిన కథగా చెప్పడం అలవాటైంది. గద్వాల మగ్గాన్ని దగ్గరగా చూస్తే ఆ కథ నిలవదు. అమరికలో లెక్కకు అందినదాన్ని నేతగాళ్లు ఎప్పటికప్పుడు పనిముట్టుకు అప్పగిస్తూనే వచ్చారు. లెక్కకు అందనిది చేతిలో మిగిలింది.

ఒంటినీ అంచునూ మెలిపెట్టి కలిపే కుప్పడం నేతలో మూడు నాడెలు నడుస్తాయి: రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అంచు పేకతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది. అందుకే ఒంటి రంగు అంచులోకి పాకదు, అంచు రంగు ఒంట్లోకి దిగదు. అంచు నుంచి ఒంట్లోకి మొన తేలే కోటకొమ్ము తీయాలంటే ఆ మెలిక చోటు వరసవరసకూ కొన్ని పోగుల చొప్పున లోపలికి జరిగి, మొన దాకా వెళ్లి, అదే లెక్కన వెనక్కి రావాలి. ఒక్కచోట పోగు తప్పితే మొన పక్కకు వాలుతుంది, ఎదుటి అంచు కొమ్ముతో జత కుదరదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏటా వెళ్లే ఏరువాడ జోడు పంచెల వెడల్పే రెండున్నర గజాలు. అంత వెడల్పు ఒక్కరి చేతులకు అందదు. పక్కపక్కన కూర్చున్నవాళ్ల లెక్కా, బిగువూ ఒక్కటైతేనే ఆ అంచులు జోడవుతాయి.

గద్వాల రాణి ఆదిలక్ష్మీ దేవమ్మ ఇక్కడి నేతగాళ్లను బనారసు పంపి పని నేర్పించారని చెప్పుకుంటారు. జరీ బుటాల విషయంలో అది నిజమై ఉండవచ్చు. మెలిక అంచు మాత్రం కంచి నేతకే దగ్గర చుట్టం. అసలు పెద్ద మార్పు జాకార్డుతో వచ్చింది. 1804 నాటి ఈ ఫ్రెంచి పరికరంలో చిల్లులున్న అట్టలు ఏ పోగు లేవాలో చెబుతాయి. అంతకన్నా గమనించాల్సింది దాని తాళ్ల కట్టు. ఒకే కొక్కేనికి ఎడమ అంచు పోగునూ కుడి అంచులో దానికి సరిజోడు పోగునూ కలిపి కడితే, ఒకవైపు లేచిన నమూనా రెండోవైపు అద్దంలో బింబంలా తనంతట తానే లేస్తుంది. ఒంటి మీద నాలుగు బుటాలు అడ్డంగా ఒకే వరసలో నిలవడం కూడా ఈ కట్టు పుణ్యమే. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ రాసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం, తెర మీది గీతలు సమాంతరంగా ఉండాలనో సమానంగా ఉండాలనో మనిషి నియమం పెడితే దాన్ని తానే నిలబెట్టేది. నేటి వెక్టార్ సాఫ్ట్‌వేర్‌లోని అమరిక మీటలకు అది పూర్వరూపం. ఆ ఆలోచన మగ్గం మీద తాళ్ల రూపంలో అప్పటికే పనిచేస్తోంది.

అయితే తెరకూ బట్టకూ తేడా ఉంది. తెర మీద రెండు ఆకారాల మధ్య దూరం ఒక అంకె. బట్టలో నిలువు దూరాన్ని పేకల్లో లెక్కిస్తారు. అంగుళానికి ఎన్ని పేకలు పడతాయన్నది పేకను గుద్దే పలక దెబ్బ మీద ఆధారపడుతుంది. దెబ్బ మెత్తబడితే గుండ్రటి బుటా కోలగా సాగుతుంది. అంగుళంలో పడుగు పోగులూ పేకలూ సమానం కానప్పుడు నమూనా గీసే గ్రాఫ్ గళ్లు చతురస్రాలైతే గీసిన బొమ్మ ఒకటి, నేసిన బొమ్మ ఇంకొకటి అవుతుంది. పైగా నూలూ పట్టూ ఒకే బిగువుకు ఒకేలా సాగవు. ఆ రెండూ కలిసే అతుకు దగ్గర ఈ తేడాను సరిచేసేది వేళ్లే.

జాకార్డు పెట్టాక అది చేనేత ఎలా అవుతుందని అడిగేవారున్నారు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం మరమగ్గం కానిదంతా చేనేత మగ్గమే అంది. చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ ప్రశ్న నైపుణ్యమంతా పోగులు ఎత్తడంలోనే ఉందనుకుంటోంది. పనిముట్టు శ్రమను తీసినంత మాత్రాన నేర్పు పోదు. నేతగాడు చింతకింది మల్లేశం 1999లో చేసిన ఆసు యంత్రం, ఇక్కత్ చీరకోసం ఆడవాళ్లు వేలసార్లు చేయి ఆడించే బాధను తీసేసింది. రంగు అంటకుండా చిటికీలు కట్టే నేర్పును అది తగ్గించలేదు. ఇంకో అభ్యంతరం బలమైనది: మరమగ్గం చవగ్గా ఇలాంటి అంచే దింపుతుంటే కొనేవారికి ఈ మెలికతో పనేమిటి? పేక ఈ కొసనుంచి ఆ కొసకు ఒకటే పోతే ఒంటి రంగు అంచులో కలిసి తీరుతుంది. చీర తిప్పి చూస్తే మెలిక గీత ఉందో లేదో వేలికి తెలుస్తుంది. ఆ తేడాకు ధర పలకనప్పుడు మాత్రం మూడు నాడెల మగ్గం ఒకే నాడెకు మారిపోతుంది, ఎందుకంటే పక్కన కూర్చుని అంచు నాడె నడిపే రెండో మనిషి కూలి ముందు గిట్టాలి. నమూనా గీసే సాఫ్ట్‌వేర్ మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఆ అతుకు దగ్గర రెండో మనిషి భారం తగ్గించే చిన్న పరికరాల మీద పెట్టాలి. మగ్గానికి ఇప్పుడు సాయం కావలసింది అక్కడే.