వేసవి సెలవులు ఎవరికి?
(విజ్ఞాన శిబిరాల చరిత్రపై కొన్ని ఆలోచనలు)

ధర్మవరంలో బడికి సెలవులివ్వగానే మగ్గం యింటి పిల్లవాడికి పని మొదలవుతుంది. రాట్నం మీద కండెలు చుట్టాలి; తెగిన పడుగు పోగులు అతకాలి; పెద్దవాళ్లు నేస్తుంటే పక్కన కూర్చుని జరీ అందించాలి. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల మెట్ట గ్రామాల్లో ఎన్నో కుటుంబాలకు వేసవి అంటే బెంగుళూరు వలస. సెలవు అనే మాటకు కూడా వర్గ స్వభావం వున్నది. దీనిని మరచి వేసవి విజ్ఞాన శిబిరాలను గురించి మాట్లాడితే, ఆ మాట సగం నిజమే అవుతుంది.

పదమూడు మొదలు పదహారేళ్ల వయసు పిల్లలను కొన్ని రోజులు ఒకచోట చేర్చి, ప్రయోగశాలలు చూపించి, శాస్త్ర సాంకేతిక వృత్తులవైపు మళ్లించే ఏర్పాటు యీనాడు మనకు కొత్త కాదు. కాని అది ఎప్పుడు, ఏ అవసరంకోసం పుట్టింది? చరిత్రలోకి పోతే తప్ప దాని బలమూ బలహీనతా మనకు బోధపడవు.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపింది. అమెరికా పాలకవర్గాలకు తమ పాఠశాలల్లో సైన్సు ఎంత బలహీనంగా వున్నదో ఒక్కసారిగా గుర్తుకు వచ్చింది. 1959 నాటికి అక్కడి జాతీయ సైన్సు ఫౌండేషన్ ఉన్నత పాఠశాల విద్యార్థుల వేసవి తరగతులకు డబ్బు యివ్వసాగింది. ఆ యేడే కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో ప్రారంభమైన వేసవి బడిలో పిల్లలు స్వయంగా గ్రహశకలాలను పరిశీలించి, వాటి కక్ష్యలను లెక్కకట్టారు. సోవియట్ దేశమూ వూరుకోలేదు. 1962లో సైబీరియాలోని నోవొసిబీర్స్క్ విజ్ఞాన నగరంలో లవ్రేంత్యెవ్ వంటి శాస్త్రజ్ఞుల చొరవతో గణిత, భౌతిక శాస్త్రాల వేసవి బడి జరిగింది. 1963 జనవరిలో అది శాశ్వతమైన వసతి పాఠశాలగా మారింది. అదే సంవత్సరం మాస్కో దగ్గర గణితవేత్త కొల్మొగోరొవ్ మరొక వేసవి బడి నడిపాడు.

సైబీరియా ప్రయోగంలో మనం నేర్చుకోవలసిన విషయం ఒకటున్నది. లెక్కలను మారుమూల పల్లెలకు పంపి, జవాబులు రాబట్టి, పిల్లలను పిలిపించారు. మేధావులు రాజధానుల్లోనే పుడతారనే భ్రమను అది కొంత బద్దలుకొట్టింది. అయితే అభిమానంకొద్దీ దాని పరిమితిని కప్పిపుచ్చనక్కరలేదు. అక్కడా, అమెరికాలోనూ కూడా పిల్లలను ఏరుకోవడమే పద్ధతి. ఎంపికైనవాడు వూరు విడిచిపోతాడు. ఎంపిక కానివాడి బడి ఎప్పటిలాగానే వుంటుంది.

మన దేశం ఈ బాటనే పట్టింది. 1958 మార్చి 4న శాస్త్రీయ విధాన తీర్మానం వచ్చింది. 1963లో సైన్సు ప్రతిభాన్వేషణ పథకాన్ని మొదట ఢిల్లీలో 10 విద్యార్థి వేతనాలతో ఆరంభించారు. 1964లో 350 వేతనాలతో దేశమంతటికీ విస్తరింపజేశారు. 2008లో కేంద్ర ప్రభుత్వం ‘ఇన్‌స్పైర్’ పథకాన్ని ప్రకటించింది. పదవ తరగతి పరీక్షల్లో మొదటి 1 శాతంలో నిలిచి, పదకొండులో సైన్సు చదివేవారికి అయిదు రోజుల శిబిరాలు ఏర్పాటు చేసింది. ఒక శాతం! నూటికి తొంభైతొమ్మిది మంది గడప అవతలే.

2019 మే నెలలో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ‘యువికా’ పేరుతో తొమ్మిదో తరగతి పిల్లలకు రెండు వారాల శిబిరం మొదలుపెట్టింది. అన్ని ఖర్చులూ సంస్థవే. గ్రామీణ పాఠశాలల వారికి ప్రత్యేక ప్రాధాన్యం వున్నది. దీనిని మనస్ఫూర్తిగా హర్షించాలి. కాని ఆ మొదటి యేడు రాష్ట్రానికి ముగ్గురు చొప్పున తీసుకున్నారు. ఉపగ్రహాలను రూపొందించే కేంద్రం బెంగుళూరులో వున్నది. హిందూపురానికి అది వంద కిలోమీటర్ల దూరం. ఆ రైలుమార్గంలో యిటుకలు మోయడానికి ఎందరో పోతారు. ఉపగ్రహం చూడడానికి పోయేవాడు ఎక్కడో ఒకడు.

దీనికి భిన్నంగా మరొక పాయ వున్నది. 1962లో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు మాతృభాషలో సైన్సును జనంలోకి తీసుకుపోయే పని ఆరంభించింది. ఆంధ్రలో 1988లో జనవిజ్ఞాన వేదిక ఏర్పడింది; ‘చెకుముకి’ పత్రిక ద్వారా, చెకుముకి సంబరాల ద్వారా ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు తెలుగులోనే ప్రశ్నించడం నేర్పుతూ వచ్చింది. 1999లో స్థాపితమైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర కేంద్రం నెలకొల్పుకొని, ప్రయోగశాలను బండిలో పెట్టి బడుల దగ్గరికే పంపింది. దాతృత్వం ప్రభుత్వ బాధ్యతకు బదులు కాజాలదు. అయినా దిశ సరైనదే: పిల్లవాడు శిబిరానికి పోవడం కాదు, శిబిరమే పిల్లవాడి దగ్గరికి రావడం. మొదటి పాయ ప్రతిభను ఏరుతుంది. రెండవది విజ్ఞానాన్ని పంచుతుంది.

‘వృత్తి’ అనే మాటకు అర్థమేమిటన్నది మిగిలిన ప్రశ్న. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియా కంపెనీ కియా మోటారు కార్ల కర్మాగారం వెలిసింది. 2019 ఆగస్టులో మొదటి కారు లాంఛనంగా విడుదలైంది. సంవత్సరానికి మూడు లక్షల కార్లు తయారుచేయగల శక్తి దానిది. ఆ యేడే వేసవిలో ‘యువికా’ పుట్టడం యాదృచ్ఛికమే. కాని మన పిల్లల ముందు రెండు ద్వారాలు ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకటి మరీ యిరుకు. రెండవది వెడల్పుదే గాని, అందులోనుంచి పోయినవాడు బోల్టు బిగించడంతో ఆగిపోవచ్చు. యంత్రం ఎలా పనిచేస్తుందో, దాని లాభం ఎక్కడికి పోతుందో కూడా అడగగల కార్మికుణ్ణి తయారుచేయని శిబిరం కంపెనీకి కూలీలను సమకూర్చే మేస్త్రీ పని మాత్రమే చేస్తుంది.

సైన్సును ఎక్కడో వెదకనక్కరలేదు. ధర్మవరం మగ్గం మీద జకార్డు వున్నది. దాని అట్టల్లో రంధ్రం వున్నచోట ఒక పని, లేనిచోట మరొక పని. అవును, కాదు అనే రెండే మాటలతో నెమలీ, మామిడి పిందే చీర అంచు మీద తేలుతాయి. 1804లో ఫ్రాన్సులోని లియాన్‌లో జకార్డు రూపొందించిన ఈ అట్టల పద్ధతినే, కొన్ని దశాబ్దాల తరువాత బాబేజ్ తన గణన యంత్రపు పథకంలోకి తీసుకున్నాడు. కంప్యూటరు పూర్వచరిత్రలో నేతగాడి మగ్గానికి చోటున్నది. ఆ లియాన్ పట్టు కార్మికులే 1831లో తిరగబడ్డారని కూడా పిల్లలకు చెప్పాలి. వాళ్ల పోరాటం యంత్రం మీద కాదు, కూలి రేటు మీద. ఈ రెండు పాఠాలూ కలిస్తేనే సాంకేతిక విద్య సంపూర్ణమవుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో యేడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ కరువు సీమలో విజయనగర కాలంనాడు చెరువులు తవ్వినవారికి నేల వాలు, కట్ట బలం, తూము లెక్క తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ చెబుతుంది. రోజుకు వెయ్యిమంది రెండేళ్లపాటు పనిచేశారని కూడా చెబుతుంది. ఆ వెయ్యిమంది పేర్లు రాతికి ఎక్కలేదు. నీటి శాస్త్రం నేర్పే శిబిరం చెరువు కట్టమీదనే జరగవచ్చు.

ఎంపిక లేకుండా ఉన్నత శాస్త్రజ్ఞులు ఎలా తయారవుతారని కొందరు మిత్రులు అడుగుతారు. ఎంపిక వద్దని మనం అనడం లేదు. అందరికీ నేర్పిన తరువాత ఏరడం వేరు. నేర్పకుండానే ఏరడం వేరు. రెండవది కలిగినవారి పిల్లలనే ఏరుతుంది, దానికి ప్రతిభ అని పేరు పెడుతుంది. మగ్గం దగ్గర పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఏ పోటీలోనూ ఓడిపోలేదు. ఆమె పోటీదాకా రానేలేదు.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా వుండాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ పాఠశాలల్లో వేసవి శిబిరాలు తెలుగులో జరగాలి. మార్కుల నిబంధన వుండకూడదు. వచ్చిన పిల్లవాడి యింటికి పోయిన కూలికి బదులు రోజుభత్యం యివ్వాలి. ఉపాధ్యాయునితో పాటు నేతకార్మికుడు, ఫిట్టరు కూడా గురువులుగా కూర్చోవాలి. శిబిరం ముగిసిన తరువాత ప్రయోగశాల తాళం పడకుండా యేడాది పొడుగునా తెరిచి వుండాలి. ఇందులో ఆకాశపు నక్షత్రాలను కోరినదేమీ లేదు. మగ్గం గుంటలో కూర్చున్న పిల్లకు రెండు వారాలు నిజమైన సెలవు దొరకాలని అడుగుతున్నాం. ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాలు వచ్చే వేసవికి ముందే ఈ పనిని తమ భుజాన వేసుకోవాలి.