మాగ్నమ్ రైఫిల్‌కు మజిల్ బ్రేక్: భుజానికి ఊరట, చెవికి ముప్పు

నేపాల్‌లోని ఢోర్‌పాటన్ ఆ దేశంలో ఉన్న ఏకైక వేట రిజర్వు. అక్కడ పర్మిట్ తీసుకున్నవారు భరల్ అనే నీలి గొర్రెను, హిమాలయన్ తార్‌ను వేటాడవచ్చు. పాకిస్థాన్ అధీనంలోని గిల్గిత్-బాల్టిస్తాన్‌లో మార్ఖోర్ అనే కొండమేక వేటకు పర్మిట్లను వేలం వేస్తారు. ఒక్కో పర్మిట్ ధర లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. ఆ సొమ్ములో 80 శాతం స్థానిక గ్రామాలకే చేరుతుంది. కొండల్లో జంతువుకు దగ్గరగా వెళ్లడం కష్టం కాబట్టి మూడు, నాలుగు వందల మీటర్ల దూరం నుంచి కాల్చాల్సి వస్తుంది. ఇలాంటి వేటకు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ వంటి శక్తిమంతమైన రైఫిళ్లు వాడతారు.

ఈ రైఫిళ్లు పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నుతాయి. ఆ దెబ్బను తగ్గించేందుకు గొట్టం చివర బిగించే పరికరమే మజిల్ బ్రేక్. అయితే అది భుజానికి తగ్గించిన బాధను శబ్దం రూపంలో పక్కవారి చెవుల మీదికి మళ్లిస్తుంది. కాల్చే వ్యక్తి పక్కన దుర్భిణితో జంతువును చూపించే స్థానిక గైడ్ ఉంటాడు. అందుకే బ్రేక్ కొనేవారు తమ భుజంతోపాటు అతని చెవులనూ లెక్కలోకి తీసుకోవాలి.

మాగ్నమ్ అంటే ఏమిటి?

మామూలు తూటా కంటే ఎక్కువ మందు పట్టే తూటాను మాగ్నమ్ అంటారు. .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ 1912లో, .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1956లో, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్ 1962లో, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 1963లో వచ్చాయి. మందు పెరిగితే బుల్లెట్ వేగం పెరుగుతుంది. దాంతోపాటు తన్నూ పెరుగుతుంది.

4 కిలోల .30-06 రైఫిల్ వెనక్కి తన్నే శక్తి సుమారు 27 జౌళ్లు. అదే బరువున్న .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో ఇది 36 జౌళ్ల దాకా ఉంటుంది. .375లో 50 జౌళ్లు దాటుతుంది. నొప్పి ఒక్కటే సమస్య కాదు. దెబ్బ పడుతుందన్న భయంతో ట్రిగర్ నొక్కే క్షణంలో కాల్చేవారి ఒళ్లు బిగుసుకుంటుంది. దాంతో గురి తప్పుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. బ్రేక్ కోరుకోవడానికి ఇది న్యాయమైన కారణమే.

బ్రేక్ ఎలా పనిచేస్తుంది?

.300 విన్‌చెస్టర్ మాగ్నమ్ బుల్లెట్ బరువు సుమారు 11.7 గ్రాములు, వేగం సెకనుకు 900 మీటర్లు. దాన్ని తోసే మందు 4.5 గ్రాముల పైచిలుకు. ఆ మందు కాలి వాయువుగా మారి, బుల్లెట్ కంటే ఎక్కువ వేగంతో గొట్టం నుంచి బయటకు దూకుతుంది. బుల్లెట్ ముందుకు వెళ్లినందుకు తుపాకీ ఎలా వెనక్కి తంతుందో, వాయువు దూకినందుకూ అలాగే తంతుంది. మొత్తం తన్నులో మూడో వంతుకు పైగా వాటా ఈ వాయువుదే.

బ్రేక్ బుల్లెట్‌ను తాకదు. వాయువును మాత్రం పక్కలకు, కొన్ని డిజైన్లలో కొంచెం వెనక్కి మళ్లిస్తుంది. వాయువు వల్ల కలిగే ఒత్తిడిలో సగాన్ని తగ్గించగలిగినా, 36 జౌళ్ల తన్ను దాదాపు 24 జౌళ్లకు దిగుతుంది. అంటే .300 మాగ్నమ్ దెబ్బ .30-06 కంటే తక్కువవుతుంది.

ఇక్కడే కొనేవారికి పనికొచ్చే ఒక సూత్రం ఉంది. బుల్లెట్ బరువుతో పోలిస్తే మందు ఎంత ఎక్కువగా ఉంటే బ్రేక్ అంత బాగా పనిచేస్తుంది. .458లో బుల్లెట్ చాలా బరువు, దానితో పోలిస్తే మందు తక్కువ. అందుకే అదే బ్రేక్ .300లో చూపినంత ప్రభావం .458లో చూపదు. తయారీదారు ప్రకటించే శాతం ఏ తూటాతో, ఎంత బరువున్న రైఫిల్‌తో కొలిచారో అడగకుండా నమ్మకూడదు.

మూడు రకాలు

మొదటిది చుట్టూ రంధ్రాలున్న గుండ్రటి బ్రేక్. గొట్టంలో కలిసిపోయినట్టు చూడ్డానికి బాగుంటుంది, బిగించడం సులువు, ఏ వైపు తిప్పి ఉన్నా పనిచేస్తుంది. అయితే నేల మీద పడుకుని కాల్చితే కింది రంధ్రాల నుంచి వచ్చే వాయువు దుమ్మును, మంచును కళ్ల ముందుకు లేపుతుంది. కొండవాలుపై ఇది పెద్ద ఇబ్బంది.

రెండోది రెండు పక్కలా వెడల్పాటి గాళ్లున్న బ్రేక్. తన్ను తగ్గించడంలో సాధారణంగా ఇదే ముందుంటుంది. కింద రంధ్రాలు లేవు కాబట్టి దుమ్ము తక్కువ. కానీ పక్కన ఉన్నవారికి అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది కలిగించేదీ ఇదే. గాళ్లు వెనక్కి వాలి ఉంటే శబ్దం నేరుగా కాల్చే వ్యక్తి వైపు, గైడ్ వైపు వస్తుంది.

మూడోది పక్క గాళ్లతోపాటు పైన చిన్న రంధ్రాలున్నది. పైకి పోయే వాయువు గొట్టం మూతిని కిందికి నొక్కుతుంది కాబట్టి కాల్చిన తర్వాత కూడా లక్ష్యం స్కోప్‌లో కనిపిస్తూనే ఉంటుంది. మొదటి గుండు ఎక్కడ తగిలిందో చూసుకోవడానికి ఇది పనికొస్తుంది. ఈ రకాన్ని సరైన కోణంలోనే బిగించాలి. కొంచెం పక్కకు తిరిగినా తుపాకీని ఆ వైపు నెడుతుంది.

బిగించేముందు చూడాల్సినవి

బ్రేక్ ఆ తూటా పరిమాణానికే తయారైనదై ఉండాలి. బుల్లెట్ బయటకు వచ్చే రంధ్రం బుల్లెట్ వ్యాసం కంటే సుమారు అర మిల్లీమీటరు పెద్దదిగా ఉండటం సాధారణ పద్ధతి. రంధ్రం చిన్నదైనా, బ్రేక్ గొట్టానికి తిన్నగా లేకపోయినా బుల్లెట్ లోపలి అంచును తాకుతుంది. గురి చెడటం మాత్రమే కాదు, బ్రేక్ పగిలి ముక్కలు ఎగరవచ్చు.

గొట్టం చివర మర ఏ కొలతదో తెలుసుకోవాలి. అమెరికా రైఫిళ్లలో 5/8-24 కొలత ఎక్కువ, ఐరోపా రైఫిళ్లలో 14, 15 మిల్లీమీటర్ల మెట్రిక్ మరలు కనిపిస్తాయి. ఈ రెండు పద్ధతుల మరలు ఒకదానితో ఒకటి కుదరవు. మర లేని గొట్టానికి కొత్తగా మర వేయించాలంటే లేత్ మీద చేసే అనుభవజ్ఞుడైన గన్‌స్మిత్ కావాలి. సన్నటి గొట్టంపై పెద్ద మర వేస్తే అంచు నిలవదు. బ్రేక్ పెట్టినా, తీసినా గుండు తగిలే చోటు మారుతుంది కాబట్టి ప్రతిసారీ రైఫిల్‌ను మళ్లీ గురి చూసుకోవాలి.

చెవుల లెక్క

పెద్దలకు తుపాకీ పేలుడు లాంటి క్షణిక శబ్దాల్లో ప్రమాద హద్దు 140 డెసిబెల్స్. బ్రేక్ లేని వేట రైఫిల్ శబ్దమే సుమారు 160 ఉంటుంది. బ్రేక్ పెడితే కాల్చేవారి చెవి దగ్గర మరో 5 నుంచి 10 వరకు పెరగొచ్చు. 10 డెసిబెల్స్ పెరగడమంటే ధ్వని తీవ్రత పది రెట్లు కావడం. లోపలి చెవిలో వినికిడికి తోడ్పడే రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. చెవి రక్షణ లేకుండా విన్న ఒక్క పేలుడు కూడా జీవితాంతం చెవుల్లో హోరును మిగల్చగలదు.

కాబట్టి చెవిలో పెట్టుకునే ప్లగ్, దానిపైన ఇయర్‌మఫ్ రెండూ వాడాలి. రెండూ కలిస్తే రక్షణ రెట్టింపు కాదు, ఒక్కదానికంటే సుమారు 5 డెసిబెల్స్ మాత్రమే అదనం. అయినా బ్రేక్ ఉన్నచోట ఆ తేడా విలువైనదే. మాటలు వినిపించేలా చేసి పేలుడును మాత్రం అణచే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు వేటకు అనువుగా ఉంటాయి. గైడ్‌కూ ఒక జత ఇవ్వాలి, కాల్చేముందు హెచ్చరించాలి. అతను గొట్టం మూతికి సమానంగా పక్కన ఉండకూడదు, కాల్చే వ్యక్తి వెనక ఉండాలి. వాహనంలోనో, రాతి గోడ పక్కనో కాల్చితే శబ్దం తిరిగి కొడుతుంది. ప్రమాదకరమైన జంతువుల వేటలో గైడ్‌లు చెవులు మూసుకోలేరు. అందుకే ఆఫ్రికాలో చాలామంది ప్రొఫెషనల్ హంటర్లు బ్రేక్ ఉన్న రైఫిల్‌ను ఇష్టపడరు.

వేరే దారులు

తన్ను తగ్గించే మార్గం బ్రేక్ ఒక్కటే కాదు. రైఫిల్ బరువు అరకిలో పెరిగితే తన్ను పదో వంతుకు పైగా తగ్గుతుంది. మంచి రబ్బరు ప్యాడ్, భుజానికి సరిపోయే కట్ట కూడా తోడ్పడతాయి. అసలు మాగ్నమ్ అవసరమా అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. సప్రెసర్ తన్నును, శబ్దాన్ని రెండింటినీ తగ్గిస్తుంది. న్యూజిలాండ్‌లో దాని వాడకం మామూలే. అమెరికాలో 1934 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి.

భారత్‌లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనుషులకు ప్రమాదకరంగా మారిన జంతువుల వంటి మినహాయింపులకు అధికారుల అనుమతి తప్పనిసరి. లైసెన్సు తుపాకీ ఉన్నవారు గొట్టానికి మార్పులు చేయించే ముందు లైసెన్సింగ్ అధికారిని అడగాలి.

తేలికైన రైఫిల్‌తో దూరం నుంచి కాల్చాల్సి వచ్చి, దగ్గరున్న అందరి చెవులకూ రక్షణ ఉంటే పై రంధ్రాలున్న మూడో రకం అనువైనది. అందరి చెవులకూ రక్షణ కల్పించలేని చోట బ్రేక్ తీసేసి, మర పాడవకుండా క్యాప్ బిగించి, బ్రేక్ లేకుండానే గురి చూసుకున్న రైఫిల్‌తో కాల్చడం మేలు. భుజం నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు.